కవరు నంబరు 41

2025 ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. పొన్నమెరక బ్యాంకు శాఖలో రెండో కౌంటరు దగ్గర, రాహేలు ఖాతాలో డెబ్బై నాలుగు వేల రెండు వందల పన్నెండు రూపాయలు ఉన్నట్టు తేలింది. స్థలం అమ్మిన డబ్బులో ఖర్చు పోను రెండు లక్షల డెబ్బై వేలకు తక్కువ కాకుండా ఉండాలి.

రాహేలుకు డెబ్బై ఏళ్ళు. ముప్పై ఒక్క సంవత్సరాలు కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పనిచేసింది. వెంట ఉన్నది కూతురు స్టెల్లా. హైస్కూల్లో లెక్కల టీచరు, తల్లిదండ్రుల ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. రెండు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిద్దామని ఆ రోజు సెలవు పెట్టింది.

గుమాస్తా స్టేట్‌మెంట్ తీసి ఇచ్చాడు. ఏప్రిల్ నుంచి జనవరి వరకు పది నెలలు. ప్రతి నెలా ఒకే రోజు మూడుసార్లు డబ్బు తీసినట్టు ఉంది. ఏప్రిల్ 3న 10.12కి పదివేలు, 10.14కి పదివేలు, 10.17కి ఐదువేలు. మే 2న అంతే. జూన్ 4న అంతే. మొత్తం ముప్పై సార్లు. ప్రతిదాని పక్కన ఆధార్ వేలిముద్రతో తీసినట్టు గుర్తు ఉంది.

"నేను తీసేది ఐదువేలేనండి," అంది రాహేలు. "మా ఆయన మందులకి. నెలకి ఐదువేలు."

"వేలిముద్ర మీదే పడిందండి మరి."

"పడలేదండి. పడలేదనే కదా మళ్ళీ మళ్ళీ పెట్టించేవాడు."

స్టెల్లా స్టేట్‌మెంట్ కౌంటరు మీద పరిచి, ఐదువేలు ఉన్నచోటల్లా పెన్నుతో సున్న చుట్టింది. పది సున్నలు వచ్చాయి. సున్న పడనివి ఇరవై. ఒక్కొక్కటి పదివేలు.

రాహేలు వేళ్ళ గీతలు పీచు పనిలో అరిగిపోయాయి. ఒకటో తారీఖున పింఛను తెచ్చే సచివాలయం ఉద్యోగి ఆమె చేత నాలుగైదుసార్లు వేలు పెట్టిస్తాడు. ఒక్కోసారి పది వేళ్ళూ మార్చి చూస్తాడు. అలా ఏళ్ళుగా జరుగుతోంది. అందుకే తమ ఊరు గట్టుపేటలోని మినీ బ్యాంకులో నాగసతీష్ "పడలేదు మామ్మగారూ" అన్నప్పుడు ఆమెకు అనుమానం రాలేదు. వెనకాల వరసలో ఉన్నవాళ్ళను ఆపుతున్నానని సిగ్గుపడేది. నాగసతీష్ తన జేబురుమాలుతో ఆమె బొటనవేలు తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ పెట్టించేవాడు. మూడోసారి ముద్ర పడేది. ఐదువేలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. చీటీ అడిగితే కాగితం రోలు అయిపోయిందనేవాడు.

మినీ బ్యాంకు అంటే ఆ బ్యాంకు తరఫున ఊళ్ళో డబ్బు ఇచ్చి పుచ్చుకునే ఏజెంటు దుకాణం. నాగసతీష్‌ను నియమించింది పొన్నమెరక శాఖే. శాఖ గుమ్మం దగ్గర గోడకు బోర్డు ఉంది: పదివేల లోపు నగదుకు దయచేసి మీ ఊరి మినీ బ్యాంకును సంప్రదించండి. గట్టుపేట నుంచి శాఖకు ఐదు కిలోమీటర్లు. రాహేలు సంతకం పెట్టగలదు. ఫారం నింపి కౌంటరులో డబ్బు తీసుకోగలదు. 2024 మార్చిలో ఒకసారి వచ్చింది. అప్పుడు ఆమెకు ఆ బోర్డు చూపించారు.

మేనేజరు సాయిదుర్గాప్రసాద్ గదిలో రెండు కుర్చీలు ఉన్నాయి.

"ఆయ్, కూర్చోండమ్మా. చెప్పండి టీచరుగారూ."

స్టెల్లా చెప్పింది. ఆయన స్క్రీన్ మీద చూసుకున్నాడు.

"మా వైపు నుంచి ఇవన్నీ సక్రమంగా జరిగిన లావాదేవీలేనండి. ముద్ర ఆవిడదే. ఆవిడ ప్రమేయం లేకుండా ముద్ర ఎలా పడుతుందండీ? పెద్దవాళ్ళు కదా, మర్చిపోతుంటారు. మా నాన్నగారు కూడా అంతేనండి." స్క్రీన్ మీద నుంచి తలెత్తి అడిగాడు. "అబ్బాయిగారు ఏం చేస్తుంటారు?"

"ఆటో నడుపుతాడు. ఎందుకండీ?"

"ఊరికేనండి. ఇంట్లో ఒకసారి అడగండి."

"డబ్బు తీసినప్పుడల్లా ఫోనుకి మెసేజ్ రావాలి కదండీ. మా అమ్మకి ఫోన్ లేదు. ఏ నంబరుకి వెళ్ళేయి?"

ఆయన నంబరు చదివాడు. స్టెల్లా తన ఫోనులో ఆ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది. మూడు రింగుల తర్వాత అవతల ఎత్తారు.

"హలో, మినీ బ్యాంక్ అండి. నాగసతీష్‌ని."

స్టెల్లా ఫోన్ కట్ చేసింది. ఖాతా తెరిచే ఫారం నింపింది నాగసతీషే. ఫోన్ నంబరు గడిలో తన నంబరు రాశాడు. శాఖలో ఒకరు దానిని సరిచూసినట్టు సంతకం చేశారు.

"నేను కనుక్కుంటానండి," అన్నాడు మేనేజరు. "రాతకోతలు ఎందుకు చెప్పండి, మనవాళ్ళే కదా."

స్టెల్లా బయట బెంచీ మీద కూర్చుని ఫిర్యాదు రెండు కాపీలు రాసింది. ఒకదానిపై ముద్ర వేసి ఇమ్మంది. ముద్ర వేసే ఉద్యోగి భోజనానికి వెళ్ళాడని చెప్పారు. ఆమె కదలలేదు. ఒంటిగంట పదిహేను నిమిషాలకు ముద్ర పడింది. ఆ బెంచీ మీద నుంచే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు స్టేట్‌మెంట్ వెనక రాసుకుంది.

గట్టుపేటలో మినీ బ్యాంకు తెరిచే ఉంది. నాగసతీష్ లేచి కుర్చీ వేశాడు.

"రండి మామ్మగారూ. టీచరుగారూ, నమస్కారమండి. ఇందాక ఫోన్ మీరేనా?"

"ఇరవైసార్లు పదివేలు తీసేవు," అంది స్టెల్లా.

"నేనెందుకు తీస్తానండి? మామ్మగారు అడిగేరు, ఇచ్చేను. మర్చిపోయి ఉంటారు." అతను రాహేలు వైపు తిరిగాడు. "గుర్తు తెచ్చుకోండి మామ్మగారూ. సన్నీ అన్నయ్య ఆటోలో దింపినప్పుడు రెండు మూడుసార్లు ఎక్కువ తీసుకున్నారు కదా."

రాహేలు అతని చేతిలోని జేబురుమాలు చూసింది.

"ఆ గుడ్డతోనే కదరా తుడిచేవాడివి."

"చేతులు అలా ఉన్నాయని తుడిచేనండి. సాయం చేసినందుకా ఈ మాట?"

వరసలో నలుగురు ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికి వెళ్ళాక స్టెల్లా అడిగింది. "అన్నయ్యకి ఏమైనా ఇచ్చేవా అమ్మా? నిజం చెప్పు. నేనేమీ అనను."

అన్న సన్నీ ఆగస్టులో సెకండ్‌హ్యాండ్ ఆటో కొన్నాడు. రాజోలు, అమలాపురం మధ్య తిప్పుతాడు.

రాహేలు కూతురి వైపు చూసింది. "నీకూ అలాగే అనిపించిందన్నమాట," అంది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె స్టెల్లాతో మాట్లాడలేదు.

బుధవారం పొద్దున సన్నీ వచ్చాడు. ఆటో ఇంటి ముందు ఆపి, ఫైనాన్స్ కంపెనీ కాగితాలు తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు.

"చూసుకో టీచరమ్మా. నెలకి ఆరువేల నాలుగొందలు కిస్తీ. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి. అమ్మ డబ్బులు మింగినోణ్ణి, కిస్తీలెందుకు కడతానే?"

"నేను అడిగింది—"

"అడిగేవు. స్టాండులో కూడా అడుగుతున్నారు. ఆ నాగసతీష్‌గాడు నిన్ననే ఊరంతా చెప్పేడు. అమ్మని ఎక్కించుకుని డబ్బులకి తీసుకెళ్ళేనంట. కిరాయి కూడా తీసుకోలేదు నేను."

తండ్రి సత్తిబాబు మంచం మీద నుంచి అన్నాడు. ఆయనకు డెబ్బై నాలుగు, రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. మాట స్పష్టంగానే ఉంది. "మీ అమ్మ వేళ్ళు అరిగేయి గానీ బుర్ర అరగలేదు. నలభై ఏళ్ళ కిందట నేను తాగొచ్చిన రోజులు ఇప్పటికీ తారీఖులతో చెబుద్ది. ఐదువేలు తీసుకుందో పాతికవేలు తీసుకుందో దానికి తెలీదా?"

స్టెల్లా అన్నకు క్షమాపణ చెప్పింది. అతను టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

మరునాడు తల్లీ కూతుళ్ళు రాజోలు కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి వెళ్ళారు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. వాళ్ళకు ఇచ్చిన లాయరు పేరు యామిని. పదేళ్ళ ప్రాక్టీసు.

ఆమె స్టేట్‌మెంట్ రెండుసార్లు చదివింది. "ముందు మీ అమ్మానాన్నల ఆధార్‌కి మీ ఫోన్ నంబరు ఎక్కించండి టీచరుగారూ. ఎక్కిన రోజే వేలిముద్రలకి తాళం వేసెయ్యండి. పింఛను రోజు పది నిమిషాలు తీసి మళ్ళీ వేసుకోవచ్చు. ఇంకెవరూ ఆవిడ వేలితో డబ్బు తియ్యలేరు."

"పోయిన డబ్బు?"

"మీ ఫిర్యాదుకి బ్యాంకు జవాబు రాయాలండి. నోటిమాట ఎన్నైనా చెబుతారు, అది మనకి పనికిరాదు. ఇవ్వం అని సంతకం పెట్టి రాయాలి. రాసేదాకా వారానికో రిమైండరు పంపండి."

స్టెల్లా ఐదు రిమైండర్లు పంపింది. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు ఇచ్చారు, కేసు కట్టలేదు. ఇది బ్యాంకు వ్యవహారమని, బ్యాంకు రాసిస్తే చూస్తామని చెప్పారు. బ్యాంకులో అడిగితే పోలీసులు తేలిస్తే చూస్తామన్నారు. స్టెల్లా ఈ రెండు మాటలనూ తారీఖులతో ఒకే కాగితం మీద రాసి యామినికి ఇచ్చింది.

మార్చి 11న బ్యాంకు జవాబు వచ్చింది. ఒకటిన్నర పేజీ. యామిని తన గదిలో దానిని పైకి చదివింది. ముప్పై లావాదేవీలూ ఖాతాదారు వేలిముద్రతోనే జరిగాయి, కనుక బ్యాంకుకు బాధ్యత లేదు. రెండో పేజీలో ఇంకో వాక్యం ఉంది. ఖాతాదారు కుమారుడు ఆమె వెంట వచ్చి సొమ్ము తీసుకెళ్ళినట్టు ఏజెంటు తెలిపారు, కనుక ఇది కుటుంబ సభ్యుల మధ్య విషయం.

"అబ్బాయి పేరు రాసేరా?" అంది రాహేలు.

"పేరు లేదండి. కుమారుడు అని ఉంది."

"నాకు ఒక్కడే కొడుకండి."

యామిని కాగితం మడిచింది. "రిజర్వ్ బ్యాంకు నియమాలు మనవైపే ఉన్నాయండి. ఏజెంటు చేసినదానికి బ్యాంకే జవాబుదారీ. తప్పు ఖాతాదారుదని అంటే ఆ సంగతి బ్యాంకే నిరూపించాలి. వాళ్ళు ఏం చూపిస్తారు? వేలిముద్ర. కాబట్టి మన దగ్గర కూడా ఏదో ఒకటి ఉండాలి. మామ్మగారూ, ఆ నెలల్లో మీ చేతికి ఐదువేలే వచ్చిందని ఎలా చెబుతారు? ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాసుకోలేదమ్మా. ఐదొందలే వేసేను కదా."

"ఎక్కడ వేసేరు?"

రాహేలు చెంగు సర్దుకుని కిటికీ వైపు చూసింది.

స్టెల్లా చెప్పింది. వాళ్ళ చర్చిలో ప్రతి కుటుంబానికీ నంబరుతో దశమభాగం కవర్లు ఇస్తారు. రాహేలు కవరు నంబరు 41. చేతికి వచ్చిన డబ్బులో పదోవంతు ఆ వచ్చే ఆదివారం అందులో పెడుతుంది. ఫ్యాక్టరీ కూలీ వచ్చినప్పుడు అలాగే చేసింది. స్థలం అమ్మిన మూడు లక్షల ఇరవై వేలు నేరుగా బ్యాంకులో పడ్డాయి. పాస్టరుగారు ఆ సంగతి ఒకసారి కదిపితే, చేతికి రాలేదు కదండీ అయ్యగారూ, వచ్చినప్పుడు వచ్చినంతకీ వేస్తాను అంది. అప్పటి నుంచి ఐదువేలు తీసిన ప్రతి నెలా ఐదు వందలు వేసింది. కవర్లలో వచ్చినది కోశాధికారి రిజిస్టరులో రాస్తాడు.

యామిని పెన్ను కింద పెట్టింది. "ఆ రిజిస్టరు కావాలండి."

"వద్దమ్మా," అంది రాహేలు.

"ఎందుకండీ?"

"దేవుడికిచ్చింది మనుషులకి చెప్పుకోకూడదు. మా ఆయనకే తెలీదు ఎంత వేస్తానో. నువ్వు దాన్ని కోర్టులో పెట్టి చదివిస్తావా? నా రెండు లక్షలు పోతే పోనీ."

"అమ్మా," అంది స్టెల్లా.

"పోనీ అన్నాను కదే."

గట్టుపేట సెంటర్లో బస్సు దిగేసరికి ఆటో స్టాండులో ఐదు ఆటోలు ఉన్నాయి. వరసలో సన్నీ ఆటో మొదటిది. ఇద్దరు ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి, సన్నీని చూసి, వెనక ఆటో ఎక్కారు. ఆ ఆటో అతను వెళ్తూ అన్నాడు. "ఏమనుకోకు సన్నీ. అమ్మగారి డబ్బులు ఉన్నోడివి, నీకు బేరాలెందుకులే."

తల్లి అవతలి వైపు నుంచి చూసింది.

ఆమె ఇంటి వైపు వెళ్ళలేదు. చర్చి వెనక వీధిలో ఉండే భాస్కర్ ఇంటికి వెళ్ళింది. భాస్కర్ రిటైరైన పోస్ట్‌మాస్టరు, పన్నెండేళ్ళుగా చర్చి కోశాధికారి.

"నా పేజీ కావాలండి," అంది. "బ్యాంకు వాళ్ళు పిల్లోడి మీద రాసేరు."

"పన్నెండేళ్ళలో ఈ పుస్తకం ఎవరికీ చూపించలేదమ్మా," అన్నాడు భాస్కర్. "అయ్యగారిని అడగాలి."

"అడగండి. నేను ఇక్కడే కూర్చుంటాను."

పాస్టరు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: మిగతా వాళ్ళ పేర్లు బయటికి రాకూడదు. భాస్కర్ పైనా కిందా ఉన్న వరసలను తెల్లకాగితం పట్టీలతో కప్పి, నలభై ఒకటో నంబరు వరస ఒక్కటే కనపడేలా పన్నెండేళ్ళ పేజీలు జిరాక్సు తీయించాడు. నాగసతీష్ మినీ బ్యాంకు పక్కన జిరాక్సు షాపు ఉంది. భాస్కర్ అక్కడికి వెళ్ళలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని పొన్నమెరక వెళ్ళి, మెషిన్ దగ్గర నిలబడి తీయించుకుని వచ్చాడు.

ఏప్రిల్ 7న వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలైంది. రిజిస్టరు పేజీలు, భాస్కర్ అఫిడవిట్, శాఖ గుమ్మం దగ్గరి బోర్డు ఫొటో, ఖాతా తెరిచిన ఫారం జతచేశారు. పోలీసుల విషయంలో యామిని ఎస్పీకి రాసింది. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసింది. కోర్టు ఉత్తర్వుతో మే 16న కేసు నమోదైంది. జూన్ 2న నాగసతీష్‌ను అరెస్టు చేశారు. జూన్ 21న బెయిలుపై వచ్చాడు. జూలైలో అదే దుకాణంలో సెల్‌ఫోన్ రీచార్జి, ఫొటో ప్రింట్లు అని బోర్డు మార్చాడు.

ఆ నెలలోనే కమిషన్ ఆదేశం మీద బ్యాంకు కొన్ని కాగితాలు దాఖలు చేసింది. నాగసతీష్ ఫోన్ నంబరు రాహేలు ఖాతాకే కాదు, మరో అరవై ఖాతాలకు కూడా ఉంది. వాటిలో యాభై రెండు అరవై ఏళ్ళు దాటినవారివి. ఒకే నంబరు అన్ని ఖాతాలకు ఉందని బ్యాంకు కంప్యూటరు 2024 జూన్‌లో శాఖకు హెచ్చరిక పంపింది. పరిశీలించాం, ఇబ్బంది లేదు అని శాఖ తిరుగు జవాబు పంపింది. జవాబు పంపింది సాయిదుర్గాప్రసాద్. అప్పటికి రాహేలు ఖాతా నుంచి పోయినది అరవై వేలు.

యామిని ఆ కాగితం చదివి వినిపించినప్పుడు స్టెల్లా లేచి నిలబడింది. "మా నాన్నగారు కూడా అంతేనండి అన్నాడు నాతో. కూర్చోబెట్టి అన్నాడు. ఈ కాగితం సొరుగులో పెట్టుకుని అన్నాడు."

"కూర్చోండి టీచరుగారూ."

"కూర్చోనండి."

ఆగస్టు 21న బ్యాంకు లాయరు కమిషన్ వరండాలో రాజీ మాట తెచ్చాడు. లక్షా ఇరవై వేలు వారంలో ఇస్తారు, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి, ఎవరి తప్పూ ఒప్పుకున్నట్టు కాదు.

"ఇంకో రెండేళ్ళు తిరగాలంటే మామ్మగారికి కష్టం కదండీ," అన్నాడాయన. "పెద్ద వయసు."

రాహేలు అడిగింది. "నా కొడుకు తియ్యలేదని రాసిస్తారా?"

"అది మన చేతిలో లేదండి. డబ్బు వస్తుంది కదా."

"ఆ ఉత్తరం ఎవరి చేత్తో రాసేరండి?"

ఆయన యామిని వైపు చూశాడు.

"రాసిన చేత్తోనే కాదని రాయమనండి," అంది రాహేలు. "అప్పుడు లక్షా ఇరవై కాదు, లక్ష ఇచ్చినా సంతకం పెడతాను. రాయకపోతే రెండు లక్షలకీ పెట్టను."

"ఎంత మొండివారండీ," అన్నాడాయన నవ్వుతూ.

"ముప్పై ఏళ్ళు పీచు కొట్టేనండి."

బ్యాంకు రాసివ్వలేదు. సెప్టెంబరు 18న కమిషన్ అనుమతితో రాహేలును, భాస్కర్‌ను ప్రశ్నించారు. ముందు భాస్కర్ రిజిస్టరు తెరిచి, నలభై ఒకటో వరస చదివాడు. 2024 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఎనిమిది వందల చొప్పున. జూలైలో పన్నెండు వందలు. ఆగస్టు నుంచి జనవరి వరకు తొమ్మిది వందల చొప్పున.

"జూలైలో ఎందుకు పెరిగింది?" కమిషన్ సభ్యురాలు అడిగారు.

"జూన్ దాకా పింఛను మూడు వేలండి," అంది రాహేలు. "జూలైలో పాత బాకీతో కలిపి ఏడు వేలిచ్చేరు. తర్వాత నెల నుంచి నాలుగు వేలు."

సభ్యురాలు కాగితం మీద లెక్క వేశారు. మూడు వేలకు మూడు వందలు, ఐదు వేలకు ఐదు వందలు. ఏడు వేలకు ఏడు వందలు, ఐదు వేలకు ఐదు వందలు. నాలుగు వేలకు నాలుగు వందలు, ఐదు వేలకు ఐదు వందలు. నెలకు పాతికవేలు చేతికి వచ్చి ఉంటే కవరులో రెండువేల ఎనిమిది వందలకు తగ్గకూడదు. అంత మొత్తం ఏ ఆదివారమూ లేదు. 2013 నుంచి ఆ వరసలో ఒక్క నెల కూడా ఖాళీ లేదు.

బ్యాంకు లాయరు లేచాడు. "అమ్మా, పాతికవేలు తీసుకుని, ఐదువేలకే దశమభాగం వేసి ఉండొచ్చు కదా? మిగతాది దేవుడి దగ్గర దాచి?"

"దేవుడి దగ్గర దాచడానికి అది మీ బ్యాంకు కాదండి."

గదిలో కొందరు నవ్వారు. అధ్యక్షుడు బల్ల మీద పెన్నుతో తట్టారు.

"ఇదంతా కొడుకును కాపాడటానికి చెబుతున్నారని నేనంటాను," అన్నాడు లాయరు.

"అవునండి," అంది రాహేలు. "వాడికోసమే చెబుతున్నాను. నాకోసమైతే ఈ పుస్తకం తెరవనిచ్చేదాన్ని కాదు."

లాయరు ఇంక ప్రశ్నలు లేవన్నాడు.

సన్నీ ఆ రోజు గది వెనక నిలబడి ఉన్నాడు. బయటికి వచ్చాక తల్లి చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఎంతేస్తావో నాకు ఇవాళే తెలిసిందే అమ్మా," అన్నాడు. "నేను ఇరవై రూపాయలు వేస్తాను, అదీ చిల్లరుంటే."

"అది నాకెందుకు చెబుతావు? చెప్పకూడదు," అంది రాహేలు.

నవంబరు 14న ఉత్తర్వు వెలువడింది. రెండు లక్షలు, డబ్బు పోయిన తేదీల నుంచి తొమ్మిది శాతం వడ్డీతో బ్యాంకు చెల్లించాలి. మనోవేదనకు పాతికవేలు, ఖర్చులకు పదివేలు. కుమారుడి గురించి మార్చి 11 నాటి జవాబులో రాసిన వాక్యానికి ఆధారం లేదని, దానిని ఉపసంహరించుకుంటూ బ్యాంకు ఫిర్యాదీకి ఉత్తరం ఇవ్వాలని పద్నాలుగో పేరాలో ఉంది. గడువు నలభై ఐదు రోజులు. మిగతా అరవై ఖాతాల గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. అవి ఆ ఫిర్యాదులో భాగం కావు.

ఆ అరవై మందిలో పద్దెనిమిది మంది నవంబరు నెలాఖరులోగా మండల న్యాయసేవా కమిటీలో పేర్లు ఇచ్చారు. ఆ రోజు మినీ బ్యాంకు వరసలో మాట్లాడకుండా నిలబడిన నలుగురిలో ఇద్దరు వాళ్ళలో ఉన్నారు. అరవై మందిలో ఏడుగురు అప్పటికే చనిపోయారు. నాగసతీష్ మీద క్రిమినల్ కేసులో చార్జిషీటు ఇంకా దాఖలు కాలేదు. సాయిదుర్గాప్రసాద్ అక్టోబరులో వేరే జిల్లాకు బదిలీ అయ్యాడు, అదే హోదాలో.

డిసెంబరు 26న డబ్బు రాహేలు ఖాతాలో పడింది. మెసేజ్ స్టెల్లా ఫోనుకు వచ్చింది. ఉత్తరం 29న రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. నాలుగు వరసలు. సన్నీ దానిని లామినేషన్ చేయించి, ఆటోలో డ్రైవరు సీటు వెనక, ఎక్కినవాళ్ళకు కనపడేలా అతికించాడు. రాహేలు తీసెయ్యమంది. అతను తీయలేదు.

2026 జనవరి 2, శుక్రవారం, రాహేలు పొన్నమెరక శాఖకు సన్నీ ఆటోలో వెళ్ళింది. గుమ్మం దగ్గరి బోర్డు అక్కడే ఉంది. ఆమె ఫారం నింపి, సంతకం పెట్టి, రెండో కౌంటరులో ఐదువేలు తీసుకుంది. పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంది. ఆటో కిరాయి అరవై రూపాయలు సన్నీ తీసుకోలేదు.

జనవరి 4, ఆదివారం. భాస్కర్ రిజిస్టరులో ఆ తేదీ కింద నలభై ఒకటో నంబరు ఎదుట తొమ్మిది వందలు అని ఉంది.